జామాయిల్ వాసన పోయేదాకా

మొన్న వానలు పడుతున్నప్పుడు మా అమ్మాయిని చూసి వద్దామని టెక్కలి వెళ్ళాను. దాని కూతురు, అంటే నా మనవరాలు, పురుడు పోసుకుని ఇంకా తల్లి దగ్గరే ఉంది. చంటివాడికి మెడ కూడా సరిగ్గా నిలవలేదు, అప్పుడే ముక్కు దిబ్బడ వేసి పాలు తాగలేక గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. మనవరాలు మందుల షాపు నుంచి ఒక చిన్న సీసా తెప్పించి, మూత తీసి, రెండు చుక్కలు వాడి గుండెల మీద రాయబోతుంటే, గది అవతల కూర్చున్న నా దాకా ఆ వాసన వచ్చింది. వాసన రాగానే నేను ఉన్నచోటు నుంచే ఆగవే, ఆగు అని అరిచాను.

"ఏటయిందమ్మమ్మా? జలుబు మందే గదా!"

"ఆ సీసా ఇలాగియ్యి, సదవనీ."

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. పిల్లలు పెద్దవాళ్ళయి ఎవరి సంసారాలు వాళ్ళకు ఏర్పడ్డాక, మా ఊళ్ళో సాయంత్రం పూట ఆడవాళ్ళకు పెట్టిన బడిలో పలక పట్టాను. ఆలస్యంగా వచ్చిన చదువు కాబట్టి ఆకలి ఎక్కువ. బస్సు బోర్డులు, సబ్బు మీది కాగితాలు, కిరాణా కొట్టువాడు పొట్లం కట్టిన పాత పేపరు, ఏది కనబడినా చదవకుండా వదలను. మనవలు నవ్వుతారు, నవ్వనీ. ఆ సీసా మీద పెద్ద అక్షరాలతో నీలగిరి తైలం అని ఉంది. దాని వెనక చీమల బారులా ఉన్న అక్షరాలను కూడబలుక్కుని చదివితే పైపూతకు మాత్రమే అని, లోపలికి తీసుకోరాదని, పసిపిల్లలకు వాడరాదని ఉంది. ఆ సంగతి ఆ కాగితం చెప్పకముందే నాకు తెలుసు, కానీ చదివి వినిపిస్తే మనవరాలు సీసా పక్కన పెట్టి పిల్లల డాక్టరుకు ఫోను చేసింది. ఆయన ముక్కులో వేయడానికి ఉప్పునీటి చుక్కల మందు పేరేదో చెప్పారు.

అయితే చదివే తొందరలో సీసాను అటూ ఇటూ తిప్పాను కదా, మూత సరిగ్గా బిగించి లేదు, సగం నూనె నా రెండు అరచేతుల్లోకీ ఒలికిపోయింది. వాణ్ణి ఎత్తుకుందామని అంత దూరం నుంచి వచ్చినదాన్ని, ఇప్పుడు వాణ్ణి నాకివ్వకండమ్మా అని చెప్పి, వీధి వరండాలో కుర్చీ వేసుకుని, గాలికి రెండు చేతులూ చాపుకుని కూర్చున్నాను. అలా కూర్చోగానే నాకు మా అత్త గుర్తొచ్చింది. ఆవిడ కూడా ఒకనాడు అచ్చం ఇలాగే కూర్చుంది.

నీలగిరి తైలం మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. మన వయసువాళ్ళకు దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. పడిశం పడితే మరిగే నీళ్ళలో రెండు చుక్కలు వేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టేవాళ్ళం. కళ్ళూ ముక్కూ ఏకమై కారి, దుప్పటి తీసేసరికి లోకం కొత్తగా కనిపించేది. మోకాళ్ళు పట్టేస్తే కొబ్బరినూనెలో కలిపి మర్దనా చేసేవాళ్ళం, ముందు చల్లగా తగిలి తర్వాత నెమ్మదిగా వేడి పుట్టించేది. ఉత్తి నూనె రాసుకుంటే మంటే మిగులుతుంది, ఏదో ఒక నూనెలో కలపాల్సిందే. మా పలాస వైపు ఉద్దానం తోటల్లో పనసకాయ కోసినప్పుడు చేతులకూ కత్తిపీటకూ పట్టే జిగురుందే, అది సబ్బుకు లొంగదు, నీళ్ళకు లొంగదు, ఈ నూనె గుడ్డకు అద్ది తుడిస్తే మాత్రం మాట విన్నట్టు ఊడివస్తుంది. నిప్పు దగ్గర మాత్రం పెట్టకూడదు, భగ్గుమంటుంది. ఇవన్నీ నేను ఆ తర్వాత తెలుసుకున్నవి. నాకు ఈ నూనె మొదట తెలిసింది జలుబు వల్ల కాదు, జీడి వల్ల.

మా అత్తవారి ఊరు పలాసకూ సముద్రానికీ మధ్యన ఉంది. చుట్టూ జీడితోటలు, కొబ్బరితోటలు, నాలుగు గింజలు పండే వరిమళ్ళు. ఊరి చివర రేకుల షెడ్డులో జీడిపిక్కలు కాల్చి, ఆడవాళ్ళను కూర్చోబెట్టి కొట్టించేవారు. రాతి మీద పిక్కను నిలబెట్టి, చెక్కసుత్తితో ఒక్క దెబ్బ వేస్తే పప్పు విరక్కుండా డొక్క పగలాలి. మా అత్త చిన్నప్పటి నుంచీ అదే పని చేసింది. డొక్కలోంచి కారే జీడి ఎంత పాపిష్టిదో చేసినవాళ్ళకు తెలుసు. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, బొబ్బ మానితే నల్లటి మచ్చ పడుతుంది. బూడిద రాసుకునీ, ఆముదం రాసుకునీ కూర్చునేవారు, అయినా ఏళ్ళ తరబడి ఆ నలుపు వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, అరచేతి గీతల్లో తారులా పేరుకుపోయేది. మా అత్త ముఖం చామనచాయ, చేతులు మాత్రం మణికట్టు దాకా కాటుక. ఆవిడ అన్నం కలుపుకుంటుంటే ఎవరివో చేతులు వచ్చి ఆవిడ కంచంలో కలుపుతున్నట్టుండేది.

నాకు తల్లి లేదు. తొలిచూలు పురుడు పుట్టింట్లో పోయాలంటారు గానీ, పోసేవాళ్ళు లేని పుట్టింటికి ఎక్కడికి వెళ్తాను? నా పెళ్ళినాడే మా అత్త, తల్లి లేదని బెంగెట్టుకోకమ్మీ, తల్లినైనా అత్తనైనా నానే అంది. అన్నట్టుగానే నాకు నెలలు నిండేదాకా కాలు కింద పెట్టనివ్వలేదు. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లే ఇప్పుడు టెక్కలిలో ఉన్న మా అమ్మాయి. మంత్రసాని పిల్లను తుడిచి గుడ్డలో చుట్టి, ఇదిగో నీ మనవరాలు, పట్టుకో అని చాపితే, అత్త రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకొద్దే తల్లీ! నా సేతులు తగిల్తే గుంట కాలిపోద్ది."

కాన్పు పనుల్లో పడి ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఆ మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. పసిపిల్లకు నీళ్ళు పోయడం నాయనమ్మ పని, కాళ్ళు చాపుకుని పిల్లను బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, వీపు నిమిరి పోయాలి. మా ఇంట్లో ఆ పని మంత్రసానే చేసి వెళ్ళేది. అత్త మాత్రం నీళ్ళు కాచి, చెయ్యి పెట్టి వేడి చూడ్డానికి కూడా భయపడి, చెంబుతో నా చేతి మీద పోసి సరిపోయిందా అని అడిగేది. పిల్ల ఏడిస్తే పరిగెత్తుకొచ్చి, మంచం పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, నోటితోనే సముదాయించేది. చేతులు వెనక ఉన్నాయని పిల్లకు తెలిస్తే కదా!

మా ఇళ్ళలో బారసాల నాడు పిల్లను ఉయ్యాల్లో వేయాల్సింది నాయనమ్మే. నాయనమ్మ లేకపోతే వేరే సంగతి, ఉండి వేయకపోతే చూసినవాళ్ళు ఏమనుకుంటారో మీకు తెలియనిది కాదు. ఆడపిల్లని ముట్టుకోలేదంటారు, కోడలి మీద కోపమంటారు. ఎవరేమనుకున్నా నాకు బాధ లేదు. కానీ ఆవిడ ఎంత ఎదురు చూసిందో నేను చూశాను. పిల్ల పుట్టిన రోజు నుంచే పిక్కల పనికి వెళ్ళడం మానేసింది. మానేస్తే మాత్రం చేతులు ఊరుకుంటాయా, అది నిన్నటి నలుపు కాదు, ఆవిడ ఆయుష్షంత నలుపు. చింతపండు రుద్దింది, బూడిద రుద్దింది, కొబ్బరిపీచుతో రక్తం చిమ్మేదాకా తోమింది. చేతులు ఎర్రబడ్డాయి గానీ నలుపు నలుపే.

ఆ రోజుల్లో మా ఊరి అవతల ఇసకదిబ్బల మీద తెల్లటి మాను గల చెట్లు కొత్తగా వేశారు, నిటారుగా, కొమ్మా రెమ్మా లేకుండా ఆకాశంలోకి పోయేవి. మేము వాటిని తెల్లమానులనేవాళ్ళం. మానులు నరికి లారీల్లో ఎక్కించుకుపోతే, పడి ఉన్న ఆకును బండి మీద వేసుకుపోయి ఉడికించి నూనె తీసే ఆయన ఒకాయన ఉండేవాడు. ఊరందరికీ వరసకు మావే, మా అత్తకు మాత్రం తమ్ముడి వరస, అక్కను పిలిచినట్టు ఆవిణ్ణి అప్పా అనేవాడు. ఆకు బట్టీ మావ అనేవాళ్ళం. మా గుమ్మం ముందు బండి ఆపి, అత్త చేతులు తోముకోవడం చూసి అన్నాడు.

"అప్పా, దానికంత బాదేటి? జామాయిల్ ఎట్టి రుద్దు, బేగి ఊడొచ్చీసద్ది."

అని బండి తోలుకుపోయాడు. అత్త ముఖం వెలిగిపోయింది. మా పెరట్లో పెద్ద జామచెట్టుంది. మావ చెప్పినది ఆవిడకు జామ అనీ, ఆయిల్ అనీ వినిపించింది. కొత్త చెట్లకు పట్టణంవాళ్ళు పెట్టిన పేరు జామాయిల్ అని మాకెవరికి తెలుసు! ముసురులో తడుస్తూ జామాకు దూసి, రుబ్బురోట్లో మెత్తగా రుబ్బి, కొబ్బరినూనె కలిపి రెండు చేతులకూ గోరింటాకులా పట్టించి, పాత గుడ్డలు చుట్టుకుని పడుకుంది. ఆ పూట మా ఆయనే అన్నం కలిపి వాళ్ళమ్మకు తినిపించాడు. తెల్లవారి గుడ్డలు విప్పి చూసుకుంటే, జామాకు వగరుకు ఉన్న నలుపు తగ్గడం అటుంచి మోచేతి దాకా కొత్తది ఎక్కింది. మా ఆయన చూసి, అమ్మా నీకే బారసాల సెయ్యాలి అన్నాడు. ఆవిడ నవ్వలేదు. ఆ మర్నాడే బారసాల. వంటింట్లోకి వెళ్ళి కూర్చుని, నేను పిలిచినా బయటికి రాలేదు.

కాసేపటికి మావ బండి గంటలు వినబడగానే మాత్రం వీధిలోకి దూసుకుపోయింది. నేను పురిటి మంచం మీద నుంచి అంతా విన్నాను.

"ఒరే తమ్ముడా, నీ నోట మన్నడ! నివ్వు సెప్పినట్టే సేసినాను. జామాకు నూరి ఆయిల్ కలిపి ఎట్టినాను. సూడ్రా నా సేతులు!"

"జామాకేటప్పా! జామాయిలన్నాను గానీ! ఇదిగో, నా బండి మీదున్నదేటి?"

"అది తెల్లమాను ఆకు గాదేటి?"

"దాని పేరే జామాయిలు!"

"ఆకుకి ఆయిలని పేరెట్టినోడెవుడ్రా? ఆడి మొకాన నా సేతులు రుద్దా!"

మావ నవ్వలేక బండి చక్రం పట్టుకుని కిందే కూర్చున్నాడట. తర్వాత, రా అప్పా అని ఆకు మోపు మీద కూర్చోబెట్టుకుని బట్టీకి తీసుకుపోయాడు. ఆ బట్టీని నేనూ తర్వాత చూశాను, మరుసటి ఏడు అక్కడ ఆకు మోసే పనికి వెళ్ళాను. పెద్ద ఇనప డ్రమ్ము, అడుగున నీళ్ళు, మీద చిల్లుల రేకు, ఆ రేకు మీద ఆకు కుక్కి మూత పెట్టి, ఆవిరి పోకుండా చుట్టూ మట్టి మెత్తి, కింద ఎండాకు మంట పెట్టేవారు. ఆవిరి గొట్టంలోంచి వచ్చి చన్నీళ్ళ తొట్టిలో చల్లబడి, చివరికి డబ్బాలో నీళ్ళయి పడేది. నీళ్ళ మీద సన్నగా, మెరుస్తూ తేలేది నూనె. బండెడు ఆకు ఉడికితే చారెడు నూనె. ఆ వాసన మాత్రం కొబ్బరితోటలు దాటి వచ్చేది.

మావ గుడ్డముక్కను కొబ్బరినూనెలో ముంచి, మీద ఈ నూనె చుక్కలు వేసి రుద్దుకోమన్నాడట. తోముళ్ళకు రేగిన పగుళ్ళలో అది చేరి నిప్పులా మండిందట. అత్త పళ్ళబిగువున కూర్చుని వేలి తర్వాత వేలు రుద్దుకుంది. గుడ్డ మీద గుడ్డ నల్లబడింది. జామాకు మరక వదలకపోయినా ముదురు గోధుమ రంగుకు దిగింది, అసలు కుట్టే జీడి జిగురు మాత్రం కరిగి ఊడొచ్చింది. ఇంటికొచ్చి కుంకుడు రసంతో కడుక్కుని, గుమ్మంలో నిలబడి నాకు చేతులు చూపించింది. గీతల్లో, గోళ్ళ మొదళ్ళలో సన్నటి నల్లదారాలు మిగిలాయి, తక్కినదంతా మనిషి చెయ్యి. ఆవిడ చేతులు ఎలా ఉంటాయో నేను అదే మొదటిసారి చూడ్డం.

మంచం వైపు రెండడుగులు వేసిందో లేదో, పిల్లకు నీళ్ళు పోస్తున్న మంత్రసాని కయ్యిమంది.

"ఏటే ఈ గాటు! ఆ నూని వాసన పసిగుంట ఊపిరికి తగల్రాదు. ఎల్లు, బయిటికెల్లు! వాసన పోయినాకే రా."

మంత్రసాని అన్నది నిజమే, పెద్దవాళ్ళకు ఊపిరి తెరిపించే గాటు పసిబిడ్డకు ఊపిరి బిగబట్టించగలదు. మూడు వారాల ఎదురుచూపు తర్వాత చేతులు వచ్చాయి, వచ్చిన చేతులకు వాసన వచ్చింది. అత్త వెళ్ళి, వాన తెరిపిచ్చిన వీధి అరుగు మీద, సముద్రం వైపు నుంచి గాలి వచ్చే చోట, రెండు చేతులూ ముందుకు చాపి కూర్చుంది. ఇంకోసారి కుంకుళ్ళతో కడిగింది, మళ్ళీ కూర్చుంది. కాసేపటికోసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది, కానీ బట్టీలో గడిపిన ముక్కు కదా, దానికి వాసన ఉందో లేదో తెలియడం లేదు. దాంతో దారిన పోయే ప్రతివాళ్ళనూ ఆపి వాసన చూడమనడం మొదలుపెట్టింది. రైతులు చూశారు, పాలు పోసే ఆవిడ చూసింది. తీరం నుంచి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆవిడను కూడా ఆపింది. ఆవిడ గంప దించకుండానే వంగి చూసి, "నాకు సేపల వాసన తప్ప ఏటొస్తాదప్పా, నన్నడిగితే నీ సేతులూ సేపలే" అంది. వీధి వీధంతా నవ్వింది. అత్త కూడా నవ్వింది. చేతులు మాత్రం దించలేదు.

దీపాలు పెట్టే వేళకు అలిసిపోయి లోపలికి వచ్చింది, కానీ మా గది గడప దాటలేదు.

బారసాల ఉదయం ఉయ్యాల కట్టారు, అమ్మలక్కలు వచ్చి కూర్చున్నారు. అత్త తలంటు పోసుకుని, చేతులకు పసుపు రాసుకుని కడుక్కుని వచ్చి, అందరిముందూ ఆ రెండు చేతులూ నా ముఖం దగ్గరికి తెచ్చింది. నేను వంగి వాసన చూశాను. పసుపు వాసన, కొబ్బరినూనె వాసన, అంతే. మంత్రసాని కూడా చూసి, ఊ, ఎత్తుకో అంది. అత్త పిల్లను ఎత్తుకుంది. ఎత్తుకుని ఉయ్యాల్లో వేయాలి కదా, వేయలేదు. పాట మొదలైంది, అయిపోయింది, మళ్ళీ మొదలెట్టారు. ఆవిడ అలాగే పిల్ల బుగ్గకు తన వేలు ఆనించి, తీసి, ఆ చోట ఎర్రబడిందేమోనని చూస్తోంది. పిల్ల ఆ నల్లగీతల వేలిని గుప్పెట్లో పట్టుకుంది.

"సూడే కోడలా, ఏటీ కాలేదు" అంది నాతో. ఆ మాట ఎంత మెల్లగా అందో, పాటలో ఎవరికీ వినబడలేదు.

తర్వాత మావ ఇచ్చిన చిన్న సీసాడు నూనెకు గుడ్డపీలిక బిరడా పెట్టి, అత్త దూలం సందులో దాచింది. మరుసటి ఏడు తీస్తే సీసా ఖాళీ. పక్కింటి ఆవిడ పట్టుకుపోయిందని ఊరంతా చాటింది. ఇద్దరికీ కొన్నాళ్ళు మాటల్లేవు. ఆ నూనె గాలికి దానంతటదే ఎగిరిపోతుందనీ, మూత బిగువుగా లేకపోతే ఎంత దాచినా దక్కదనీ మావ వచ్చి చెప్పేదాకా ఆ తగువు తీరలేదు. నాకు చదువు వచ్చిన కొత్తలో పలాస బజారులో ఒక సీసా మీద నీలగిరి తైలం అని చదివి, నీలగిరి కొండల్లో దొరికే వింత మందేదో అనుకుని కొని, మూత తీసి చూస్తే బట్టీ మావ వాసన వచ్చింది. తెల్లమాను, జామాయిల్, నీలగిరి, మూడూ ఒకటేనని నాకు ఆనాడు తెలిసింది. అప్పటికి అత్త లేదు, ఉంటే చెప్పి నవ్వించేదాన్ని.

ఇప్పుడు మా ఊళ్ళో ఆ రేకుల షెడ్డు లేదు. పలాసలో పిక్కలు కోసే యంత్రాలు వచ్చాయి, పనికి వెళ్ళే ఆడపిల్లలు చేతులకు తొడుగులు వేసుకుంటున్నారు, వాళ్ళ చేతులు మా అత్త చేతుల్లా కాకపోవడం ఎంత మంచి సంగతో నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? ఇసకదిబ్బల మీద తెల్లమానులు నరికాక జీడి వేశారు. మావ బట్టీ ఉన్నచోట ఇనప డ్రమ్ము తుప్పు కూడా మిగల్లేదు. చేతికి ఏ మరక అంటినా తడికాగితంతో ఒక్కసారి తుడిచేసుకుంటున్నారు. వాసన పోయేదాకా గాలికి కూర్చోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

మనవరాలు కూడా నాకు ఆ తడికాగితమే తెచ్చి ఇచ్చింది. తర్వాత తుడుచుకుంటాలే అన్నాను. వాన వెలిసి టెక్కలి వీధిలో ఆటోలు నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి, చేతులు అలాగే చాపుకుని కూర్చున్నాను. నేనూ కొన్నేళ్ళు పిక్కలు కొట్టినదాన్నే, నా చేతుల మీది నల్లగీతలు ఎప్పుడు పోయాయో గుర్తు లేదు. లోపల చంటివాడు ముక్కు తెరిపిచ్చి పాలు తాగి, కేరింతలు మొదలెట్టాడు. అప్పుడు లేచి సబ్బుతో కడుక్కుని, వాణ్ణి ఎత్తుకొచ్చిన మా అమ్మాయి ముఖం దగ్గరికి నా చేతులు తీసుకెళ్ళాను. ఎందుకలా చేస్తున్నానో దానికి తెలియదు, దాని బారసాల సంగతి దానికేం గుర్తుంటుంది? అయినా వంగి వాసన చూసింది.

"ఏటీ రావట్లేదమ్మా" అంది.

సంతోషించాల్సిన మాట. చేతులు చాపి వాణ్ణి అందుకున్నాను గానీ, అందుకునేముందు నేనూ ఒకసారి వాసన చూసుకున్నాను. నిజమే, ఏమీ లేదు.